లారీ జార్చిన లోడు ఎవరి ఖాతాలోకి?

కంకర టిప్పర్ ఒకటి గతుకులో పడి లేస్తుంది. వెనక డోరు సందులోంచి గుప్పెడు రాళ్లు రాలతాయి. వాటిలో ఒకటి ఎగిరొచ్చి వెనకున్న కారు ముందద్దానికి తగులుతుంది. రూపాయి బిళ్లంత మచ్చ, దాని చుట్టూ సన్నని పగుళ్లు. టిప్పర్ డ్రైవరుకు ఆ సంగతే తెలియదు. కారు యజమాని నాలుగు తిట్లు తిట్టుకుని, రెండు రోజుల తర్వాత షోరూములో బిల్లు కట్టి వస్తాడు. కంటికి తగల్లేదు, అంతవరకు నయం అని ఇంట్లోవాళ్లు సముదాయిస్తారు. తెలుగు రాష్ట్రాల రోడ్ల మీద ఇది మామూలు ముచ్చట. నష్టం చేసినవాణ్ణి అడిగేవారుండరు, నష్టపోయినవాడికి ఎక్కడ అడగాలో తెలియదు.

లోడు జారడం గ్రహచారం కాదు. ఎవరో తాడు సరిగ్గా బిగించలేదు, ఎవరో పట్టా కప్పలేదు, ఇంకెవరో అది చూసి కూడా బండిని గేటు దాటనిచ్చారు. చట్టం దీన్ని నిర్లక్ష్యంగానే చూస్తుంది. పరిహారం రాబట్టుకునే దారి కూడా ఉంది. ఆ దారి తెలిసినవాళ్లు తక్కువ, తెలిసినా చివరిదాకా నడిచేవాళ్లు ఇంకా తక్కువ. అందువల్ల లోడు కట్టనివాడు మిగిల్చుకున్న ఖర్చు అద్దం పగిలినవాడి జేబులోంచి పోతోంది.

అద్దం పగలడం ఈ వ్యవహారంలో చిన్న నష్టం. 2022 డిసెంబరు 31న మహబూబాబాద్ జిల్లా కురవి మండలంలో లారీ మీద నుంచి గ్రానైట్ రాళ్లు పక్కన వెళ్తున్న ఆటో మీద పడి ముగ్గురు కూలీలు చనిపోయారు. 2025 జనవరి 26న వరంగల్ దగ్గర మామునూరులో ఇనుప రాడ్ల లారీ అదుపు తప్పింది. ఆ రాడ్లు ఆటోల మీద పడి ఏడుగురి ప్రాణాలు తీశాయి. అదే ఏడాది నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొట్టింది. లోడంతా బస్సులోకి ఒరిగి ప్రయాణికులు సీట్లలోనే రాళ్ల కింద కూరుకుపోయారు. 19 మంది మరణించారు. మామునూరులో, మీర్జాగూడలో మొదటి తప్పు నడిపిన తీరులో ఉంది. అయినా ఆ రెండు చోట్లా బండి కన్నా బండి మీదున్న సరుకే మనుషుల్ని ఎక్కువగా బలిగొంది. అద్దం మీద మచ్చ పెట్టిన గులకరాయీ ఆటోను నలిపేసిన గ్రానైట్ దిమ్మే ఒకే నిర్లక్ష్యం నుంచి పుట్టినవి. బరువులోనే తేడా.

ఏ ప్రాంతానికి ఆ ప్రాంతపు లోడు ఉంది. కరీంనగర్, ఖమ్మం, చీమకుర్తి వైపు గ్రానైట్ దిమ్మెలు. తాండూరు, కడప వైపు నాపరాళ్లు. గోదావరి, కృష్ణ వెంబడి ఇసుక. సింగరేణి ప్రాంతంలో బొగ్గు, థర్మల్ కేంద్రాల చుట్టూ బూడిద. విశాఖ ఉక్కు నుంచి చువ్వలు, తీగ చుట్టలు. పంట కాలం వస్తే ఆదిలాబాద్, వరంగల్ దారుల్లో పత్తి, గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు, ఫ్యాక్టరీలకు చెరకు ట్రాక్టర్లు, ఒంగోలు వైపు సరుగుడు, సుబాబుల్ కర్రల లారీలు. వరిగడ్డి ట్రాక్టరు ఎదురైతే రోడ్డు సగం కనిపించదు. వీటిలో ఏదీ మరోదానిలా జారదు. ఇసుక గాలికి లేస్తుంది, తడిగా ఉంటే నీళ్లు కారి మలుపుల్లో ద్విచక్ర వాహనాలను జార్చేస్తుంది. కంకర డోరు సందుల్లోంచి, అంచుల మీద నుంచి రాలుతుంది. చువ్వలు ముందుకు గానీ వెనక్కి గానీ దూసుకుపోతాయి. దిమ్మె జారిందంటే దాన్ని ఆపగలిగింది ఏదీ ఉండదు.

చువ్వల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఇళ్లు కట్టడానికి వాడే ఇనుప చువ్వ మామూలు పొడవు 12 మీటర్లు. ఊళ్లో కొట్టు నుంచి సైటుకు తీసుకెళ్లే ట్రాలీ ఆటో, ట్రాక్టరు, మినీ లారీ అందులో సగం పొడవు కూడా ఉండవు. చువ్వల్ని మధ్యకు వంచి మడిచినా తోక బయటే మిగులుతుంది, దానికో ఎర్ర గుడ్డ కడతారు. ఒకప్పుడు కేంద్ర మోటారు వాహనాల నియమాలు బండి వెనక ఒక మీటరు వరకు సరుకు బయటికి రావడాన్ని అనుమతించేవి. రోడ్డు భద్రత కోసం పనిచేసే సేవ్‌లైఫ్ ఫౌండేషన్ సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. ఆ పోరాటం ఫలితంగా 2014లో ఆ వెసులుబాటు పోయింది. ఇప్పుడు ఎర్ర గుడ్డ కట్టినా బయటికి వచ్చిన చువ్వ నేరమే. అయినా ఏ ఊరి బైపాస్ మీద చూసినా ఆ ఎర్ర గుడ్డ ఎగురుతూనే ఉంది, పోలీసులు కూడా దాన్ని జాగ్రత్త చర్యగానే చూస్తున్నారు. పదేళ్లు దాటిన నిషేధం ఇంత నిస్సారంగా మిగలడం బాధాకరం. రాత్రిపూట ఆగి ఉన్న లారీ వెనక ఆ గుడ్డ ఎవరికీ కనిపించదు.

అసలు లోడు ఎందుకు జారుతుంది? బరువుంది కదా, కదలదు అన్నది లోడింగ్ పాయింట్ల దగ్గర తరచూ వినిపించే మాట. అది పూర్తిగా తప్పు. లారీ గట్టిగా బ్రేకు వేస్తే బండి ఆగుతుంది కానీ, మీదున్న సరుకు అదే వేగంతో ముందుకు పోవాలని చూస్తుంది. యూరప్, అమెరికా ప్రమాణాలు రెండూ దీనికి ఒకే లెక్క కట్టాయి. గట్టి బ్రేకు పడినప్పుడు సరుకు బరువులో 80 శాతానికి సమానమైన బలం ముందుకు తోస్తుంది. మలుపులో పక్కకు తోసే బలం బరువులో సగం ఉంటుంది. పది టన్నుల దిమ్మెను ముందుకు పోకుండా ఆపాలంటే ఎనిమిది టన్నుల బలాన్ని తట్టుకోవాలి. అందులో కొంత భాగం లారీ నేలకూ రాయికీ మధ్య రాపిడి ఆపుతుంది. ఆ నేల మీద ఇసుక, నీళ్లు, నూనె ఉంటే అదీ తగ్గిపోతుంది. మిగతాదంతా తాళ్లు, గొలుసులు, ముందుగోడ మోయాలి. మీద నుంచి అడ్డంగా వేసిన రెండు తాళ్లు సరుకును నేలకు అదిమి పెడతాయి, రాపిడిని కాస్త పెంచుతాయి. ముందుకు తోసే బలాన్ని అవి నేరుగా ఆపలేవు. బరువు ఎక్కువైతే సరుకు కుదురుగా ఉంటుందన్న నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది. బరువు పెరిగిన కొద్దీ దాన్ని తోసే బలం కూడా పెరుగుతుంది.

కట్టు ఒకసారి బిగించి వదిలేస్తే సరిపోదు. మొదటి కొన్ని కిలోమీటర్ల కుదుపుల్లో బస్తాలు సర్దుకుంటాయి, కర్రల మధ్య ఖాళీలు పూడిపోతాయి, లోడు ఎత్తు తగ్గుతుంది, తాడు వదులవుతుంది. అమెరికాలో లారీ డ్రైవర్లకు దీనికి నియమమే ఉంది. బయలుదేరాక మొదటి 50 మైళ్లలోపు, అంటే 80 కిలోమీటర్లలోపు ఆగి కట్లు చూసుకోవాలి. ఆ తర్వాత ప్రతి 150 మైళ్లకో మూడు గంటలకో, ఏది ముందైతే అప్పుడు మళ్లీ చూడాలి. మన దగ్గర అనుభవమున్న పాత డ్రైవర్లు ఇదే పని అలవాటు కొద్దీ చేస్తారు. టీ కోసం ఆగినప్పుడు క్లీనరు బండి చుట్టూ తిరిగి మోకులు లాగి చూస్తాడు, టైర్లు కొట్టి చూస్తాడు. ఇప్పుడు చాలా బండ్ల మీద క్లీనరే లేడు. ట్రిప్పుకింత అని మాట్లాడుకున్న డ్రైవరు ఒక్కడే బండి తోలాలి, లోడు చూసుకోవాలి, రోజుకు ఎన్ని ట్రిప్పులైతే అంత ఆదాయం. హమాలీలకు బస్తాకో టన్నుకో లెక్క కట్టి ఇస్తారు, కట్టు బిగించిన అరగంటకు ఎవరూ పైసా ఇవ్వరు. జీతం లేని పని ఎప్పుడూ చివరికే పోతుంది. ఈ నిర్లక్ష్యాన్ని డ్రైవరు ఒక్కడి మీద రుద్దడం అందుకే అన్యాయం.

చట్టం మాటకొస్తే, మన దగ్గర నియమాలు లేవనడం సరికాదు. 1989 నాటి రోడ్డు నియమాల్లోనే ఎవరికైనా ప్రమాదం కలిగించేలా లోడు వేసిన బండిని నడపకూడదని స్పష్టంగా రాశారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ జరిమానాలను బాగా పెంచింది. అధిక బరువుకు 20,000 రూపాయలు, దానిపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. సరుకు పక్కలకు గానీ, ముందుకు వెనక్కి గానీ, హద్దు మించి పైకి గానీ వస్తే విడిగా 20,000. ఆ సరుకు సర్దేదాకా బండి కదలడానికి వీల్లేదు, దింపే ఖర్చు కూడా నేరం చేసినవారిదే. ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. నడిపిన డ్రైవరుతో పాటు, అలా నడిపించినవారూ నడవనిచ్చినవారూ కూడా శిక్షార్హులే. క్వారీ యజమాని, కొట్టు యజమాని, లారీ ఓనరు ఎవరైనా ఆ మాటల కిందికి రావచ్చు. అధిక లోడుకు డ్రైవరు లైసెన్సు కనీసం మూడు నెలలు నిలిపేయాలని సుప్రీంకోర్టు ఏర్పాటు చేసిన రోడ్డు భద్రత కమిటీ 2015లోనే రాష్ట్రాలను ఆదేశించింది.

ఆచరణలో జరుగుతున్నది వేరు. బ్రేకు ఇన్‌స్పెక్టరు బండి ఆపితే ముందుగా అడిగేది కాటా చీటీ, తర్వాత కాగితాలు. టన్నులు లెక్కకు దొరుకుతాయి, తాడు బిగువు దొరకదు. 2018లో కేంద్రం ఇరుసు బరువు పరిమితుల్ని పెంచి, పది టైర్ల లారీ మొత్తం బరువును 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు చేర్చింది. బరువుపై ఇంత చర్చ జరిగిన దేశంలో కట్టుపై చర్చే లేదు. పరిమితికి లోబడి ఉన్న లారీ మీద కూడా లోడు జారుతుంది. అందుకే కాటా చీటీని భద్రతకు రుజువుగా చూడటం మానుకోవాలి. పట్టా విషయంలోనూ అంతే. కట్టడ సామగ్రి, వ్యర్థాలు మోసే బండ్లు పట్టా కప్పకుండా తిరగకూడదని కేంద్ర పర్యావరణ శాఖ 2018 జనవరిలో నియమం చేసింది. అది దుమ్ము అదుపు కోసం తెచ్చిన నియమం, గాలి నాణ్యత దెబ్బతిన్న నగరాల కోసం. అదే పట్టా ఊరి బయట కారు అద్దాన్నీ కాపాడుతుంది. దాన్ని రహదారులన్నిటికీ వర్తింపజేయడానికి అడ్డేమిటో అర్థం కాదు.

ఇక నష్టపోయినవాడి సంగతి. దెబ్బ తగిలిన మరుక్షణం తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. రాయి లోడు మీద నుంచి పడిందా, రోడ్డు మీదున్న రాయి టైరు కింద నలిగి ఎగిరిందా? కంటికి రెండూ ఒకేలా అనిపిస్తాయి, చట్టానికి మాత్రం రెండూ వేరు. జంట టైర్ల మధ్య ఇరుక్కుని చిమ్మిన రాయికి లారీవాణ్ణి తప్పుపట్టడం కష్టం, అది రోడ్డు పరిస్థితి. లోడు నుంచి పడితే మాత్రం రుజువు భారం చాలావరకు తేలికవుతుంది. 1863లో ఇంగ్లండ్‌లో ఒక కేసు నడిచింది. లివర్‌పూల్ వీధిలో నడుస్తున్న మనిషి మీద పిండి వ్యాపారి దుకాణం పైఅంతస్తు కిటికీలోంచి పిండి పీపా పడింది. అది ఎలా పడిందో దెబ్బ తిన్నవాడు నిరూపించనక్కర్లేదు, సరైన జాగ్రత్త తీసుకుంటే పీపాలు వాటంతటవే పడవు, జాగ్రత్త తీసుకున్నానని వ్యాపారే నిరూపించుకోవాలి అని కోర్టు తేల్చింది. జరిగిన సంగతే తప్పును చెబుతుంది అన్న ఆ సూత్రాన్ని మన సుప్రీంకోర్టు 1977లో ఒక మోటారు ప్రమాద కేసులో అన్వయించింది. లారీ మీద నుంచి జారిన సరుకుకు అంతకన్నా సరిగ్గా సరిపోయే సూత్రం మరొకటి లేదు.

వాహనం వాడకం వల్ల అన్న మాటకు కూడా కోర్టులు విశాలమైన అర్థమే ఇచ్చాయి. పుణే–బెంగళూరు రహదారిపై 1987లో బోల్తాపడిన పెట్రోల్ ట్యాంకర్ కొన్ని గంటల తర్వాత పేలింది. అప్పటికి బండి నడవడం లేదు కదా అన్న వాదనను 1991లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఆగి ఉన్న లారీ నుంచి జారిన బస్తా పక్కన నిలిపిన స్కూటర్‌ను నలిపినా అడిగే హక్కు ఉందనడానికి ఈ తీర్పు బలమిస్తుంది.

పరిహారం ఎవరిస్తారు? థర్డ్ పార్టీ బీమా లేకుండా ఏ లారీ రోడ్డెక్కకూడదు. ఆ పాలసీ మరణాలకూ గాయాలకూ మాత్రమేనని చాలామంది అనుకుంటారు. ఇతరుల ఆస్తికి జరిగిన నష్టం కూడా అందులో ఉంది. కార్లు, వాణిజ్య వాహనాల మామూలు పాలసీల్లో ఈ పరిమితి ఏడున్నర లక్షల రూపాయలు. ప్రీమియం కాస్త తగ్గించుకోవడానికి దాన్ని 6,000కు కుదించుకునే వీలు కూడా ఉంది. అలా కుదించుకున్న లారీ తగిలితే మిగతా మొత్తం ఓనరు నుంచే రాబట్టాలి. నష్టపరిహారం తేల్చే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు ఆస్తి నష్టం కేసులు విచారించే అధికారం 165వ సెక్షన్ కిందే ఉంది. అర్జీని ప్రమాదం జరిగిన చోట వేయనక్కర్లేదు. అర్జీదారు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్లోనే వేసుకోవచ్చు. విజయవాడ మనిషి అద్దం సూర్యాపేట దగ్గర పగిలితే విజయవాడలోనే అడగవచ్చు. గడువు మాత్రం ఆరు నెలలు. 2019 సవరణ తిరిగి తెచ్చిన ఈ గడువు 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది.

అధిక లోడు ఉంది కాబట్టి మేం ఇవ్వం అని బీమా కంపెనీ బాధితుడితో అనగలదా? తప్పించుకోవడానికి కంపెనీకి ఉన్న కారణాల్ని చట్టం ఒక జాబితాగా ఇచ్చింది. లైసెన్సు లేకపోవడం, తాగి నడపడం, పర్మిట్ ఉల్లంఘన లాంటివి అందులో ఉన్నాయి. అధిక లోడు, వదులు కట్టు అన్న మాటలు అందులో లేవు.

ఎదుటి పక్షం తప్పక ఎత్తే వాదన ఒకటుంది, వెనక బండి మరీ దగ్గరగా వచ్చిందని. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. లారీ వెనక పది పదిహేను అడుగుల దూరంలో నడిచిన కారుదే తప్పని సుప్రీంకోర్టు 2018లో ఒక తీర్పు ఇచ్చింది. అది లారీని వెనక నుంచి కారు గుద్దిన కేసు, లోడు జారిన కేసు కాదు. అయినా దూరం పాటించకపోతే పరిహారంలో కోత పడవచ్చు. లోడు లారీ వెనక ఉన్నప్పుడు నాలుగు సెకన్ల దూరం వదలడం ప్రాణానికీ కేసుకూ రెండింటికీ మేలు.

ఆధారాలదే అసలు సమస్య. లారీ వెళ్లిపోతుంది. వెంబడించి ఆపడం ప్రమాదకరం, రోడ్డు మీద గొడవ పడటం అంతకన్నా దండగ. కావలసింది నంబరు, సమయం, కిలోమీటరు రాయి, లోడు కనిపించే ఫొటో. కారులో డాష్‌క్యామ్ ఉంటే ఆ వీడియోను వెంటనే మరోచోట భద్రపరిచి, మెమరీ కార్డును అలాగే దాచాలి. కోర్టుకిచ్చే వీడియోకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ధ్రువపత్రం జతచేయాలి. తర్వాతి టోల్‌గేటు కెమెరాల్లో లారీ కనిపిస్తుంది, ఆ రికార్డు చెరిగిపోకముందే పోలీసుల ద్వారా అడగాలి. నంబరు తెలిస్తే ఎం-పరివాహన్ యాప్‌లో ఆ బండి బీమా ఎప్పటిదాకా ఉందో తేలిపోతుంది. గాయాలు లేని కేసుకు పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టడానికి తరచూ ఇష్టపడరు. కనీసం స్టేషన్ డైరీలో నమోదు చేయించి దాని నకలు తీసుకోవాలి. ప్రమాదం సంగతి 24 గంటల్లోగా పోలీసులకు చెప్పడం లారీ డ్రైవరుకు చట్టం పెట్టిన బాధ్యత. రోడ్డు మీద సరుకు పడి ఉంటే జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కు ఫోను చేయాలి. వెనక వచ్చే మోటార్ సైకిలుకు ఆ ఒక్క ఫోను ప్రాణం నిలపవచ్చు.

నంబరు దొరక్కపోతే దారులు మూసుకుపోతాయి. గుర్తు తెలియని వాహనం ఢీకొట్టిన కేసులకు 2022 నుంచి అమలవుతున్న పథకం మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి 50,000 ఇస్తుంది. వాహన నష్టానికి అందులో పైసా లేదు. ఎప్పుడో పడిన కంకర మీద జారిన మోటార్ సైకిలు యజమాని పరిస్థితి అన్నిటికన్నా అన్యాయం. అతను అడగడానికి లారీయే లేదు.

అప్పుడు మిగిలేది సొంత బీమా, అదీ పూర్తి పాలసీ ఉంటేనే. థర్డ్ పార్టీ పాలసీతోనే తిరుగుతున్న పాత కార్లకు, ద్విచక్ర వాహనాలకు ఏమీ రాదు. పూర్తి పాలసీలో అద్దానికి తరుగుదల కోయరు, ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం కోస్తారు. అద్దంతో పాటు బంపరు, వైపర్ పట్టీలు కూడా పోతే బిల్లులో కొంత భాగం యజమాని మీదే పడుతుంది. దానికి తోడు 1500 సీసీ లోపు కారుకు వెయ్యి, పైబడితే రెండు వేలు తప్పనిసరిగా కట్టుకోవాలి. అన్నిటికన్నా పెద్ద దెబ్బ నో క్లెయిమ్ బోనస్‌ది. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా 50 శాతం రాయితీ సంపాదించినవాడు ఒక్క అద్దం కోసం దాన్ని సున్నా చేసుకుంటాడు. బోనస్‌ను కాపాడే అదనపు కవరు తీసుకున్నవాళ్లకే మినహాయింపు. తన తప్పు ఏమీ లేని మనిషి బోనస్ పోగొట్టుకోవడం ఈ వ్యవస్థలోని పెద్ద లోపం. అవతలి బండి నంబరు, ఆధారం చూపిన క్లెయిమ్‌కు బోనస్ కోయకూడదన్న నియమం బీమా నియంత్రణ సంస్థ తేవాలి. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది.

అద్దం విషయంలో చాలామంది ఆలస్యం చేసి నష్టపోతారు. కారు ముందద్దం రెండు గాజు పలకల మధ్య పలచని ప్లాస్టిక్ పొరను అతికించి తయారైనది, అందుకే దెబ్బ తగిలినా ముక్కలై మీద పడదు. చిన్న మచ్చ డ్రైవరు చూపుకు అడ్డంగా లేకపోతే, రెజిన్ పోసి గట్టిపరచవచ్చు. అది అద్దం మార్చే ఖర్చులో చిన్న భాగం. రెండు వారాలు ఊరుకుంటే ఎండలో నిలిపిన కారులో ఏసీ వేయగానే గీత అద్దమంతా పాకుతుంది, ఇక మార్చక తప్పదు. కొత్త కార్లలో ముందద్దం వెనక డ్రైవరుకు సాయపడే కెమెరా ఉంటోంది. అద్దం మారిస్తే ఆ కెమెరా చూపును మళ్లీ సరిచేయించాలి, లేకపోతే తనంతట తాను పడే బ్రేకు తప్పు అంచనా వేస్తుంది.

డాలస్‌లోనో కాలిఫోర్నియాలోనో కారు నడిపే తెలుగువారికి ఈ బాధ కొత్తేమీ కాదు. కంకర ట్రక్కుల వెనక 200 అడుగుల దూరం పాటించండి, పగిలిన అద్దాలకు మాది బాధ్యత కాదు అన్న బోర్డులు అక్కడ మామూలే. బోర్డు రాసుకున్నంత మాత్రాన లోడు కట్టని తప్పు మాఫీ కాదు. కాలిఫోర్నియా చట్టమైతే బండి నుంచి రోడ్డు మీద రాలడానికి రెండే వస్తువుల్ని అనుమతించింది, శుభ్రమైన నీళ్లు, బతికున్న పక్షుల ఈకలు. వాషింగ్టన్ రాష్ట్రంలో 2004లో ట్రైలర్ నుంచి జారిన చెక్క ఒక యువతి చూపు తీసేసింది. మరుసటి ఏడాదే లోడు సరిగా కట్టకపోవడాన్ని నేరంగా మారుస్తూ ఆమె పేరు మీద చట్టం వచ్చింది. రోడ్డు మీద పడిన వస్తువుల వల్ల 2011–14 మధ్య రెండు లక్షలకు పైగా ప్రమాదాలు, 500కు పైగా మరణాలు సంభవించాయని అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ ఫౌండేషన్ 2016లో లెక్కగట్టింది. వాటిలో దాదాపు మూడింట రెండు వంతులు బండ్ల నుంచి పడిన వస్తువుల వల్లే. బీమాలోనూ అక్కడ ఒక తేడా ఉంది. గాలిలో ఎగిరొచ్చి తగిలినది ఒక కవరు కిందికి, రోడ్డు మీద పడి ఉన్నదాన్ని గుద్దడం మరో కవరు కిందికి వస్తాయి. ఫ్లోరిడా, కెంటకీ, సౌత్ కరోలినాల్లో మొదటి కవరు ఉన్నవారి ముందద్దానికి యజమాని వాటా కోయరు.

జర్మనీ నియమం మరీ సూటిగా ఉంటుంది. గట్టిగా బ్రేకు వేసినా, ఒక్కసారిగా పక్కకు తిప్పినా సరుకు జారకూడదు, ఒరగకూడదు, దొర్లకూడదు, పడకూడదు. అమెరికాలో 2004 నుంచి అమలవుతున్న నియమాలు దుంగలకు, ఉక్కు చుట్టలకు, సిమెంటు పైపులకు, పెద్ద బండరాళ్లకు వేర్వేరుగా ఎలా కట్టాలో చెబుతాయి. చీమకుర్తి, కరీంనగర్ క్వారీల నుంచి రోజూ దిమ్మెలు కదిలే మన రాష్ట్రాలకు అలాంటి నియమం ఎప్పుడో రావలసింది. గొలుసులెన్ని, వాటి బలమెంత, దిమ్మె కింద దిమ్మె పక్కన చెక్క అడ్డాలెలా పెట్టాలి అన్నవి కాగితం మీద ఉంటే తనిఖీకి అర్థం ఉంటుంది, లోడు వేసేవాడికీ ఒక కొలత ఉంటుంది.

రెండు రాష్ట్రాల రవాణా, గనుల శాఖలు చేయవలసింది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. క్వారీ, ఇసుక రీచ్, క్రషర్, స్టీల్ యార్డు గేటు దగ్గర కాటాతో పాటే పట్టా, తాళ్లు, వెనక డోరు లాక్ చూసి, ఫొటో తీసి, చీటీ మీద సంతకం పెట్టించాలి. సంతకం పెట్టిన సంస్థను 194వ సెక్షన్ కింద డ్రైవరుతో పాటు బాధ్యత వహించేలా చేయాలి. బిల్లు కట్టేది ఎవరో మారితే కట్టు బిగింపు కూడా మారుతుంది.

ఈలోగా నష్టపోయినవాళ్లు మౌనంగా ఉండటం మానాలి. లారీ నంబరు రాసుకోండి, స్టేషన్‌లో నమోదు చేయించండి, ఆ లారీ బీమా కంపెనీకి రాతపూర్వకంగా నోటీసు పంపండి, ఆరు నెలలు దాటకముందే మీ ఊరి ట్రిబ్యునల్లో అర్జీ పెట్టండి.